వంకాయల పక్కన సున్నా

"నూట యాభై ఐదు!"

గీతాంజలి ఆ అంకె గట్టిగా చదివి చార్టు కిందికి దించింది. ఆరో తరగతి మొత్తం ఒక్కసారి "ఓ" అన్నది. వెనక బెంచీ అభిలాష్ అయితే డెస్కు మీద దరువు కూడా వేశాడు.

మధ్యాహ్నం అన్నాలు తిన్న తర్వాత వచ్చే లెక్కల పీరియడ్ అది. మామూలు రోజుల్లో ఆ టైంకు సగం క్లాసు కునుకు తీస్తుంది. ఆ శుక్రవారం మాత్రం ఒక్కరికీ నిద్ర రాలేదు. ఎందుకంటే ప్రేమజ్యోతి టీచర్ ఇచ్చిన లెక్క పుస్తకంలోది కాదు, కంచంలోది.

"మీ ఇంట్లో అందరికీ ఇష్టమైన వంట ఒకటి తీసుకోండి. దానికి ఎంత ఖర్చయితదో ఒక వరుసల రాయండి. రుచి పోకుండ ఎంత తగ్గించగలరో రెండో వరుసల రాయండి," అని టీచర్ వారం ముందే చెప్పింది. అందరికంటే బాగా చేసిన చార్టు చేవెళ్లలో జరిగే లెక్కల మేళాకు పోతుంది. చార్టు ఒక్కటే పోదు కదా, చేసిన పిల్ల కూడా పోతుంది. బస్సులో, కిటికీ పక్కన, టీచర్ సీట్లోనే!

ఆ సీటు మీద గీతాంజలికి వారం రోజులుగా కన్ను ఉన్నది. ఇంట్లో ఆమెను గీతు అంటారు, మనమూ అట్లనే అందాం.

గీతు రాసింది వాళ్లింటి ఆదివారం వంట. బగారన్నం, గుత్తి వంకాయ కూర, పెరుగు చట్నీ. నలుగురికి మూడు వందల పది రూపాయలు. అది మొదటి వరుస. రెండో వరుసలో నూట యాభై ఐదు.

"సగానికి సగం తగ్గిందా! ఎట్ల తగ్గించినవ్?" అని అడిగింది టీచర్.

"బియ్యం మాయే టీచర్. వంకాయలు, టమాటాలు మా చేన్లవే. పెరుగు మా బర్రెది. కొత్తిమీర, పుదీన, పచ్చిమిర్చి గూడ మాయే. అందుకే వాటికి సున్నా పెట్టిన."

నిజంగానే పెట్టింది. ఎర్ర స్కెచ్‌పెన్నుతో, గుండ్రంగా, ఐదు సున్నాలు. వంకాయల పక్కన ఉన్న సున్నాకు రెండు కళ్లు, నవ్వే మూతి కూడా గీసింది. ఆ బొమ్మ చూసి క్లాసంతా నవ్వింది.

టీచర్ మాత్రం నవ్వలేదు. చార్టును కాసేపు చూసి, "సోమవారం దాంక గోడకు ఉండనీ. ఎవరిది పోతదో సోమవారం చెప్త. అప్పటి దాంక అందరూ ఇంకొక్కసారి చూసుకోండి," అన్నది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె గీతు వైపే చూసింది. కానీ గీతు అప్పటికే మనసులో బస్సెక్కి కూర్చున్నది. ఇక ఏం వినిపిస్తుంది?

గీతు చార్టు పక్కనే జెన్నీ చార్టు ఉన్నది. జెన్నీ వాళ్ల అమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది. వాళ్లు మొయినాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటారు. జెన్నీ రాసింది టమాటా పప్పు, ఆలుగడ్డ వేపుడు, అన్నం. నూట ఎనభై నుంచి నూట నలభైకి తగ్గించింది. బియ్యం, పప్పు గంట ముందు నానబెడితే గ్యాస్ ఎంత తక్కువ పడుతుందో అమ్మ ఫోన్లో టైం పెట్టి చూసింది. వారమంతా చూసి, నిమిషాలన్నీ చార్టు వెనక రాసింది.

ఇంటర్వెల్‌లో జెన్నీ అన్నది, "మీది మస్తు తగ్గింది గీతూ. మాకు అన్నీ కొనుడే. ఒక్క సున్నా గూడ రాలే."

"మీరు గూడ ఒక చేను కొనుక్కోర్రి!" అని గీతు పకపకా నవ్వింది.

జెన్నీ నవ్వలేదు. "బెల్లు కొడ్తరు, పా," అని లోపలికి పోయింది.

సాయంత్రం గీతు తమ ఊరు ఎంకపల్లిలో ఆటో దిగి ఇంటికి పోతే తలుపుకు తాళం ఉన్నది. అంటే అందరూ చేను కాడనే ఉన్నట్టు. బ్యాగు అరుగు మీద పడేసి అటే నడిచింది.

అర ఎకరం వంకాయ తోట. ఒక వరుసలో బాపు రాఘవేందర్, ఇంకో వరుసలో అమ్మ సమత వంగి కాయలు తెంపుతున్నారు. గట్టు మీద నాయినమ్మ కృష్ణమ్మ కూర్చుని ఒక్కో కాయను పాత గుడ్డతో తుడిచి క్రేటులో పేరుస్తున్నది. రోజూ కూలికి వచ్చే సంగమ్మ కనిపించలేదు.

"సంగమ్మకు జరమొచ్చిందట బిడ్డా," అన్నాడు బాపు నడుం పట్టుకుని లేస్తూ. "పొద్దుగాల మార్కెట్‌కు పోవాలె. ఆరు క్రేట్లు నింపాలె. జర నువ్వు గూడ ఒక వరుస పట్టు."

"నాకు హోంవర్క్ ఉన్నది బాపు."

"రేపు రెండో శనివారం. సెలవే కదనే," అన్నది అమ్మ. అమ్మలకు క్యాలెండర్ ఇట్లాంటప్పుడు భలే గుర్తుంటుంది. గీతుకు తప్పించుకునే దారి లేకపోయింది.

వంకాయ కూర తినడం గీతుకు బాగా వచ్చు. వంకాయ తెంపడం ఎప్పుడూ సరిగ్గా చేయలేదు. తొడిమకు సన్నని ముండ్లుంటాయి. మొదటి కాయకే చూపుడు వేలికి ఒకటి దిగింది.

"అబ్బా! బాపూ, నీకు గుచ్చుకోవా?"

"గుచ్చుకుంటయ్. అలవాటైతది," అన్నాడు బాపు, ఆగకుండా తెంపుతూనే.

ఇరవై కాయలు అయ్యేసరికి నడుం పట్టేసింది. యాభై అయ్యేసరికి ఏడుపొచ్చింది. గట్టు మీద ఒక కాకి వచ్చి వాలింది. గీతు చేతిలో ఉన్న లేత వంకాయను దాని మీదికి విసిరింది. కాకి ఎగిరి ఇంకో పక్కన వాలింది. గీతు ఇంకోటి విసిరింది.

"అయ్యో, మంచి కాయలు గదనే!" అన్నది నాయినమ్మ.

"మనయే కదా నాయినమ్మా. రెండు పోతే ఏమైతది?"

ఇది గీతుకు ఊతపదం. గిన్నెలో పెరుగు మిగిలిస్తే "మనదే కదా" అంటుంది. వంకాయ సగం కొరికి కంచంలో వదిలేస్తే "మనయే కదా, బర్రె తింటది" అంటుంది. ఇంట్లో వాళ్లకు విని విని అలవాటైపోయింది.

నాయినమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. మెల్లగా నడిచిపోయి ఆ రెండు కాయలు వెతికి తెచ్చింది. మన్ను తుడిచి క్రేటులో పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఏమన్నా అన్నా బాగుండునని గీతుకు అనిపించింది, ఒక్క క్షణమే.

పని అయిపోయాక బాపు అడిగాడు. "రేపు నా వెంట మార్కెట్‌కు వస్తవా బిడ్డా? నువ్వు క్రేట్ల కాడ నిలబడితే నేను తూకం చూసుకుంట."

"ఇడ్లీ తినిపిస్తవా?"

"తినిపిస్త."

"అయితే వస్త!"

తెల్లవారగట్లనే ట్రాలీ ఆటో వచ్చింది. గీతు బాపు పక్కన ఇరుక్కుని కూర్చున్నది. చేవెళ్ల మార్కెట్‌కు చేరేసరికి తూర్పున అప్పుడప్పుడే వెలుగొస్తున్నది. ఎక్కడ చూసినా కుప్పలే. క్యారెట్ కుప్పలు, పాలకూర కట్టలు, టమాటా బాక్సులు. ఎవరి కేకలు వాళ్లవి. "జరుగు జరుగు" అంటూ హమాలీలు బస్తాలు మోసుకుని పోతున్నారు.

వాళ్ల దగ్గరికి మల్లేశ్ వచ్చాడు. రైతుల దగ్గర కొని పట్నం దుకాణాలకు పంపే మనిషి. నవ్వు మొహం, పెద్ద గొంతు. వస్తూనే ఒక క్యారెట్ తీసి, నీళ్లతో కడిగి గీతు చేతిలో పెట్టాడు.

"తిను బిడ్డా. ఏం చదువుతున్నవ్? ఆరోదా? శభాష్!"

తర్వాత క్రేటులో చెయ్యి పెట్టి నాలుగు కాయలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎనిమిది," అన్నాడు.

"కిలోకు ఎనిమిదా!" బాపు గొంతు తగ్గిపోయింది. "నిన్న పొద్దూకినంక తెంపినయ్ మల్లేశన్నా. ఒక్క పుచ్చు లేదు. పన్నెండన్న ఇయ్యి."

"ఏ, ఊకో రాఘవేందరన్నా! సొంత చేన్ల పండినయే గదా. నీకేం పడ్డది? సున్నా! ఎంతొస్తే గంత లాభమే నీకు."

పక్కన ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. మల్లేశ్ కూడా నవ్వాడు. అది తిట్టు కాదు, ఎగతాళి కాదు. మార్కెట్‌లో రోజూ వినిపించే మాటే.

గీతు నోట్లో క్యారెట్ నమలడం ఆగిపోయింది.

నీకేం పడ్డది, సున్నా. ఆ మాట తను ఇంతకు ముందే విన్నది. విన్నది కాదు, తనే అన్నది. నిన్న మధ్యాహ్నం, క్లాసులో, అందరి ముందు. మల్లేశ్ మామ నోటితో అన్నాడు అంతే. తను ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి, దానికి నవ్వే మూతి కూడా పెట్టింది.

ఆమె బాపు వైపు చూసింది. బాపు తన బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ వేలి నిండా నల్లని చిన్న చుక్కలు, లోపల విరిగిన ముండ్లు. గీతు వేలికి నిన్న దిగింది ఒక్కటే. రాత్రంతా సలిపింది.

"తొమ్మిది జేయి," అన్నాడు బాపు చివరికి.

"సరే, నీ కోసం," అన్నాడు మల్లేశ్. ఆరు క్రేట్లు తూకానికి పోయాయి.

హోటల్‌లో ఇడ్లీ వచ్చింది. వేడి వేడిగా, మీద పల్లి చట్నీతో. గీతు ముట్టుకోలేదు.

"తిను బిడ్డా, సల్లారుతది."

"బాపూ, మల్లేశ్ మామ గట్లంటే నువ్వు ఏమనలేదేంది?"

"ఏమంట బిడ్డా? మస్తు పడ్డదని నాకు ఎరుకనే. ఎంత పడ్డదో చెప్పుమంటే చెప్పరాదు. ఏనాడన్న రాసిననా? నోటితోని చెప్తే ఎవరు నమ్ముతరు?"

"మరి ఎందుకు రాయలే?"

బాపు ఇడ్లీ పళ్లెం ఆమె ముందుకు జరిపాడు. "మనదే కదా అనుకున్న," అన్నాడు.

గీతుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చట్నీ కారంగా ఉన్నదని అబద్ధం చెప్పి నీళ్లు తాగింది.

ఆదివారం వచ్చింది. ఇంట్లో బగారన్నం వాసన. అల్లం వెల్లుల్లి, పుదీన, లవంగాలు అన్నీ కలిసి వీధి దాకా వస్తున్నది. మామూలుగా అయితే గీతు పొయ్యి దగ్గర నాలుగుసార్లు తిరిగేది. "ఉప్పు చూస్త, కారం చూస్త" అంటూ కూర సగం ఖాళీ చేసేది. ఆ రోజు అరుగు మీద మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నది.

"దీనికేమైందే? జరమొచ్చిందా?" నాయినమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

అంతే. గీతుకు ఏడుపు ఆగలేదు. వెక్కుతూ వెక్కుతూ మొత్తం చెప్పేసింది. చార్టు సంగతి, ఐదు సున్నాల సంగతి, నవ్వే మూతి సంగతి. "మల్లేశ్ మామ అనక ముందే నేనే అన్న. క్లాసుల అందరు నవ్విండ్రు. బాపు కష్టానికి నేనే సున్నా పెట్టిన."

బాపు వాకిట్లో డ్రిప్పు పైపు బాగు చేస్తున్నాడు. విన్నాడు. ఆయన మొహం ఒక్కసారి వాడిపోయింది. తర్వాత పైపు కింద పెట్టి వచ్చి గీతు పక్కన కూర్చున్నాడు.

"ఊకో బిడ్డా. నువ్వు చిన్నపిల్లవు. ఇన్నేండ్ల సంది నేనే రాసుకోలే. నీకెట్ల తెలుస్తది?"

ఆ మాటకు గీతు ఇంకా ఎక్కువ ఏడ్చింది. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

అమ్మ గరిట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "ఏడిస్తే అంకె మారుతదా? లెక్కల్ల ఫస్ట్ వస్తవ్ కదా. నోటుబుక్కు తీయి. మీ బాపు చెప్తడు, నువ్వు రాయి."

గీతు ముక్కు తుడుచుకుని నోటుబుక్కు తెచ్చింది. గడులు గీసింది. బాపు వేళ్ల మీద లెక్క పెడుతూ చెప్పసాగాడు. దున్నుడు. నారు. ఎరువు. డ్రిప్పు పైపులు. మూడుసార్లు మందు. కూలోళ్లు. మార్కెట్‌కు ట్రాలీ కిరాయి. ఒకటి చెప్పినంక ఇంకోటి గుర్తొచ్చేది. "అరే, చెట్లకు పాతిన కట్టెలు మరిచిన! రాయి రాయి." మొదట నవ్వుతూ చెప్పినవాడు పోను పోను నవ్వడం మానేశాడు. అన్ని అంకెలు ఒక్క కాగితం మీద ఆయన కూడా ఎప్పుడూ చూడలేదు.

గీతు కూడింది. పంట మొత్తం ఎన్ని కిలోలు వస్తుందో బాపును అడిగి భాగించింది. ఒకసారి చూసుకుని మళ్లీ భాగించింది.

"కిలోకు పదకొండు రూపాయలు పడ్తున్నది బాపూ."

నిన్న అమ్మింది తొమ్మిదికి.

"మరి ఎట్ల నడుస్తది బాపూ?"

"టమాటా జర మంచిగ పోయింది. బర్రె పాలున్నయ్. గట్లనే నడుస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు."

"ఇంకా అయిపోలే," అన్నది గీతు. "ఇండ్ల మీ కూలి లేదు." కింద మూడు గడులు గీసింది. నాయినమ్మ, అమ్మ, బాపు.

"నాది రాయి," అన్నది అమ్మ వెంటనే. "నాకేం సిగ్గు లేదు. సంగమ్మకు రోజుకు ఎంతనో నాకు గంతే."

"నేను తుడిచిన గదా, నాకు అందుల సగం రాయి," అన్నది నాయినమ్మ, కొంగుతో నోరు దాచుకుని నవ్వుతూ.

"బాపూ, నీది?"

"నా చేన్ల నాకు కూలేందే పిచ్చిదానా!" బాపు నవ్వాడు.

"సంగమ్మకు ఇస్తవ్ కదా?"

"సంగమ్మ సంగతి వేరే."

"సంగమ్మ పది గంటలకు వస్తది. నువ్వు ఐదింటికే లేస్తవ్. ఏం వేరే?"

బాపు లేచి చేతులు కడుక్కున్నాడు. "కూర సల్లారుతది. తిందాం పట్టండి," అన్నాడు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

అన్నం తిన్నాక అమ్మ గీతు కంచం తీసి చూసింది. ఒక పక్కన నాలుగు వంకాయ తొడిమలు వరుసగా ఉన్నాయి. ఇంకేమీ లేదు.

సోమవారం లెక్కల పీరియడ్. టీచర్ ఇంకా నోరు తెరవక ముందే అభిలాష్ అరిచాడు, "గీతాంజలిదే టీచర్! సగానికి సగం!"

గీతు లేచింది. బస్సు, కిటికీ పక్క సీటు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. అయినా గోడ దగ్గరికి నడిచి తన చార్టు పిన్నులు తీసింది. నల్ల స్కెచ్‌పెన్నుతో మొదటి సున్నా కొట్టేసింది. దాని పక్కన "బియ్యం, నలభై ఐదు" అని రాసింది. తర్వాత టమాటాలు, పెరుగు, కొత్తిమీర. చివరికి వంకాయల దగ్గరికి వచ్చింది. ఆ నవ్వే మూతిని కొట్టేసేటప్పుడు ఆమె చెయ్యి కొంచెం గట్టిగా నొక్కింది. కాగితం చిరిగింది.

"ఏం చేస్తున్నవ్ గీతాంజలీ?" టీచర్ మెల్లగా అడిగింది.

"తప్పు రాసిన టీచర్. ఇవి ఊకె రావు. మేము తినకపోతే అమ్ముకుంటం కదా. అవి పండాలంటే మా బాపు, అమ్మ, నాయినమ్మ పొద్దంత చేన్ల ఉంటరు. నేను వాళ్లను లెక్కల కలపలే."

"మరి నీ ఖర్చు ఎంత తగ్గింది?"

"ఒక్క రూపాయి గూడ తగ్గలే టీచర్."

క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు. గీతు చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు. "నిజంగ తగ్గించింది జెన్నీ. దాని చార్టు వెనక చూడండి టీచర్, నిమిషాలు గూడ రాసింది," అన్నది.

టీచర్ జెన్నీ చార్టు తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె మొహంలో నవ్వు వచ్చింది. గీతు భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, జెన్నీ చార్టు చుట్టి తన బ్యాగులో పెట్టుకున్నది. కిటికీ పక్క సీటు ఎవరిదో అందరికీ తెలిసిపోయింది.

ఇంటర్వెల్‌లో గీతు జెన్నీ దగ్గరికి పోయి నిలబడింది. "మొన్న చేను కొనుక్కోర్రి అన్న కదా. గట్ల అనొద్దుండె. సారీనే."

జెన్నీ అడిగింది, "మీ గుత్తి వంకాయ కూరల జీడిపప్పు ఎంత ఏస్తరు?"

"ముప్పై రూపాయలవి."

"మా అమ్మ దాని బదులు పల్లీలు నూరి ఏస్తది. ఎవ్వరు కనిపెట్టరు. బియ్యం గంట సేపు నానబెట్టుర్రి. నేను రాసిస్త, ఆగు." అని తన పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామున గీతు తనంతట తనే లేచి ట్రాలీ ఎక్కింది. ఎక్కే ముందు అమ్మకు రెండుసార్లు చెప్పింది, "పది గంటలకు బియ్యం నానబెట్టు. జీడిపప్పు తేవద్దు!" ఆమె చేతిలో నోటుబుక్కు ఉన్నది.

మార్కెట్‌లో మల్లేశ్ ఎప్పటిలాగే వచ్చాడు. ఎప్పటిలాగే నాలుగు కాయలు తిప్పి చూశాడు. "తొమ్మిది," అన్నాడు. బాపు పన్నెండు అడిగాడు. మల్లేశ్ ఎప్పటిలాగే నవ్వాడు. "సొంత చేన్లయే గదన్నా, నీకేం పడ్డది?"

"పదకొండు పడ్డది మామా," అన్నది గీతు.

బాపు గబుక్కున ఆమె వైపు తిరిగాడు. గీతు నోటుబుక్కు తెరిచి మల్లేశ్ ముందు పట్టుకున్నది. మల్లేశ్ కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు. దున్నుడు, నారు, ఎరువు. ఒక్కో గడి మీద వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చాడు. చుట్టుపక్కల రైతులు ఇద్దరు మెడలు చాచి చూశారు.

"అన్నీ రాసినవ్. ఈ కింద గడి ఖాళీ ఉన్నదేంది?"

"అది మా బాపు కూలి మామా. అడిగితే బాపు చెప్తలేడు. నువ్వు చెప్పు, ఎంత రాయాలె?" గీతు పెన్ను మూత తీసి చేతికిచ్చింది.

మల్లేశ్ పెన్ను పట్టుకున్నాడు. గడి వైపు చూశాడు. రాఘవేందర్ చేతుల వైపు చూశాడు. పెన్ను తిరిగి గీతు చేతిలో పెట్టాడు.

"ధర నా చేతుల లేదు బిడ్డా. పట్నంల ఎంత పలికితే గంత," అన్నాడు. అని, క్రేట్ల వైపు ఇంకోసారి చూశాడు. "ఇయ్యాల మాల్ గూడ జర తక్కువనే వచ్చింది. పన్నెండుకు తూకం పెట్టు రాఘవేందరన్నా."

ఇంటికి పోయే దారిలో ట్రాలీ ఖాళీ క్రేట్లతో గడగడలాడింది. కొంత దూరం పోయాక బాపు అడిగాడు.

"బిడ్డా, పెన్నున్నదా?"

"ఉన్నది బాపూ."

"సంగమ్మకు ఎంత రాసినవ్?"

"రోజుకు నాలుగు వందలు."

"నా గడిల గూడ గంతే రాయి." ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు. "ఆగు, జర ఎక్కువ రాయి. మందు కొట్టేది నేనే కదా."

గీతు నోటుబుక్కు మోకాళ్ల మీద పెట్టుకుని "నాలుగు వందల యాభై" అని రాసింది. ట్రాలీ ఊగడంతో అక్షరాలు వంకర టింకరగా వచ్చాయి. బాపు వంగి చదువుకుని, సరేనన్నట్టు తల ఊపాడు.